పిడుగుకు ట్రయల్ రన్

కొండ్రపాడులో మునిసిపాలిటీకి ఎవరూ ఏదీ తెలియజేయరు. అనుమతి లేని మూడో అంతస్తు వేసినవాడు తెలియజేయలేదు. రోడ్డు మీదికి మెట్లు కట్టినవాడు తెలియజేయలేదు. బస్టాండు ఎదురుగా నలభై అడుగుల ఇనప చట్రం నిలబెట్టి, దాని మీద తన పుట్టినరోజుకు తానే శుభాకాంక్షలు చెప్పించుకున్న పెద్దమనిషి అసలే తెలియజేయలేదు. ఊరు హాయిగా నడిచిపోతోంది. అలాంటి ఊళ్లో గద్దె యేసురత్నం మాస్టారు కూర్చుని, తెల్లకాగితం మీద మార్జిన్ గీసి, మునిసిపల్ కమిషనర్ గారికి ఒక ఉత్తరం రాశారు.

యేసురత్నం పాలిటెక్నిక్ కాలేజీ ఎలక్ట్రికల్ ల్యాబులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ల్యాబులో ఒక్క పిల్లాడికీ షాకు కొట్టలేదు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, హామ్ రేడియో. దానికి కేంద్ర ప్రభుత్వం వారిచ్చిన లైసెన్సు ఉంది. రోజూ పొద్దున్న ఆరున్నరకు మేడ మీది గదిలో మైకు ముందు కూర్చుని, ఎక్కడెక్కడి ఊళ్ల మిత్రులతోనో మాట్లాడతారు. మామూలు రోజుల్లో ఆ మాటల్లో గొప్ప సంగతులేమీ ఉండవు. కానీ కిందటేడు తుఫానుకి సెల్ టవర్లన్నీ చచ్చి పడుకున్నప్పుడు, మూడు రోజుల పాటు లంక ఊళ్ల కబురు బయటి ప్రపంచానికి చేరింది ఆ గదిలోంచే. ఆ తుఫానే పోతూ పోతూ ఆయన పాత యాంటెన్నాను కూడా పట్టుకుపోయింది.

కొత్తది ఆయన శాస్త్రోక్తంగా వేశారు. ముప్పై అడుగుల జీఐ పైపు, నాలుగు దిక్కులా నాలుగు స్టే వైర్లు, కరెంటు తీగలకు ఆమడ దూరం. పైపు విరిగి ఎటు పడినా తీగల మీద పడకుండా తాడుతో కొలిచి మరీ చోటు చూశారు. పైపు మొదట్లోంచి గోడ వెంబడి, ఎక్కడా మెలిక లేకుండా, వెడల్పాటి రాగి పట్టీ కిందికి దింపారు. పెరట్లో పదడుగుల లోతున ఎర్త్ పిట్ తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, ఆ పట్టీని క్లాంపుతో అందులోని రాడ్డుకు బిగించారు. పిడుగు పడితే ఇల్లు ముట్టకుండా తిన్నగా భూమిలోకి పోవాలి. అంతా అయ్యాక, బాధ్యత గల పౌరుడిగా ఒక మాట తెలియజేస్తే బాగుంటుంది అనిపించింది.

"ఎవరడిగారండీ మిమ్మల్ని?" అంది భార్య కరుణమ్మ. ఆవిడ సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. 

"ఎవరూ అడగలేదు. ఊరికే, తమ సమాచారం నిమిత్తం అని రాశాను."

"ఊరికే రాసే ఉత్తరమైతే ఊరికే ఉంచుకోవచ్చు గదా," అంది. కానీ ఆయన అప్పటికే చెప్పులు వేసుకున్నారు.

ఆ ఉత్తరం మునిసిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు పరాంకుశం గారిని రెండు రోజులు ఇబ్బంది పెట్టింది. ఆయన సర్వీసులో వచ్చిన ప్రతి కాగితమూ ఏదో ఒకటి అడిగింది. అడిగితే మంజూరు చేయాలి, లేదా తిరస్కరించాలి. ఏమీ అడగని కాగితానికి ఆఫీసులో రిజిస్టరు లేదు. ఆయన దాన్ని తిరగేసి చూశారు, వెలుతురుకు పట్టి చూశారు. మూడోనాడు రెండో పేరాలో 'పిడుగు' అన్న మాట కనబడి ఆయన ప్రాణం లేచొచ్చింది. వెంటనే దాని మీద 'దరఖాస్తు' అని రాసి, నంబరు వేసి, పిడుగు విభాగానికి పంపించారు.

ఈ పిడుగు విభాగం గురించి చెప్పాలి. కమిషనర్ నిరంజనాదేవి గారు కొండ్రపాడు వచ్చేసరికి చుట్టుపక్కల పట్టణాలన్నీ ఏదో ఒక 'రహిత' పట్టణాలైపోయి ఉన్నాయి. ఒకటి దోమ రహితం, ఒకటి ప్లాస్టిక్ రహితం, ఇంకొకటి పంది రహితం. అందరికీ షీల్డులు వచ్చాయి. ఇంకా ఎవరూ తీసుకోని రహితం ఏముందా అని ఆవిడ వారం రోజులు ఆలోచించి, 'పిడుగు రహిత కొండ్రపాడు' ప్రకటించారు. ర్యాలీ జరిగింది. మానవహారం జరిగింది. 'పిడుగుకు ఏ విధంగానూ సహకరించను' అని హైస్కూలు మైదానంలో రెండువేల మంది చెయ్యి చాచి ప్రమాణం చేశారు. ఒక విభాగం పెట్టి, గదీ, రెండు బీరువాలూ, ఇన్‌చార్జిగా అసిస్టెంట్ ఇంజనీరు చక్రధర్‌నీ ఇచ్చారు. బీరువాలు ఆరు నెలలుగా ఖాళీగా ఉన్నాయి. యేసురత్నం గారి ఉత్తరం అందులో పడ్డ మొదటి ఫైలు.

చక్రధర్ మర్నాడే టేపూ, ప్యాడూ పట్టుకుని వచ్చాడు. కుర్రతనం పూర్తిగా పోని మనిషి, చేతిలో పని లేక కుమిలిపోయినవాడు. మేడ ఎక్కి పైపు చూశాడు, కిందికొచ్చి రాగి పట్టీ చూశాడు.

"ఈ పట్టీ దేనికండీ మాస్టారూ?"

"పిడుగు పడితే ఇంటి మీదికి పోకుండా భూమిలోకి పోవడానికి సార్."

"అంటే పిడుగు పడుతుందని మీరు ఒప్పుకుంటున్నట్టేగా?" అని రాసుకున్నాడు. "సంవత్సరానికి సుమారు ఎన్ని ఆశిస్తున్నారు?"

"ఆశించడం ఏంటి సార్? నా చేతిలో ఏముంది?"

"సంఖ్యా పరిమితి లేదు," అని ఆ గడిలో పూరించాడు. "లోపలికి పోయినదాన్ని ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యనండీ. భూమిలో కలిసిపోద్ది."

"నిల్వ ఉండదంటారు."

"ఉండదు సార్."

"పక్కవాళ్ల స్థలంలోకి పోదని హామీ పత్రం ఇవ్వాల్సి ఉంటుంది మరి." చక్రధర్ పిట్ చుట్టూ ఒకసారి తిరిగి, క్లాంపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అతని మొహం సీరియస్‌గా మారింది. "మాస్టారూ, ఇది కనెక్షన్ ఇచ్చేసి ఉంది."

"అవునండీ. ఇవ్వకపోతే ఎర్తింగు ఎలా అవుద్ది?"

"కంప్లీషన్ సర్టిఫికెట్ లేకుండా వాడకంలోకి తెచ్చేశారన్నమాట. కరెంటు మీటరైనా, కుళాయి అయినా, తనిఖీ కాకుండా వాడకూడదు గదా."

"నేనింకా వాడలేదు సార్. పిడుగు పడనే లేదు."

"పడితే వాడేవారే గదా?"

యేసురత్నం ముప్పై మూడేళ్లు రూల్సు చదివిన మనిషి, ఇందులో ఎక్కడో న్యాయం ఉందేమోనని ఒక క్షణం అనుమానించారు. ఆ క్షణంలో చక్రధర్ స్పానర్ అడిగి తీసుకుని, నట్టు విప్పి, రాగి పట్టీని రాడ్డు నుంచి జానెడు దూరం వంచి, దాని చివరకు గుడ్డ చుట్టి లక్క సీలు వేశాడు.

"సార్, ఇది చాలా ప్రమాదం," అన్నారు యేసురత్నం. "ముప్పై అడుగుల ఇనుము ఇంటి నెత్తిన పెట్టి కింద ఈ ఎర్తు తీగ విప్పేశారు. రేపు పిడుగు పడితే అది గోడల్లోంచి దారి వెతుక్కుంటుంది. కింద మేమున్నాం. పోనీ పైపు దించేస్తాను, వదిలేయండి."

"దించకూడదు. దరఖాస్తు పైపు గురించే. ఫైలు నడుస్తుండగా దించితే అది సాక్ష్యం మాయం చేయడం కిందికొస్తుంది. పైపు యథాతథ స్థితిలో ఉండాలి. సీలు కూడా." అప్పటికి ఏప్రిల్ నెల సగం గడిచింది. చక్రధర్ సీలును ఫోటో తీసి, తాను రోజూ సాయంత్రం ఇలాగే వచ్చి ఒక ఫోటో తీసి అప్‌లోడ్ చేయాలని చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లాడు.

కరుణమ్మ అంతా కిటికీలోంచి వింది. సర్వీసులో ఆవిడ పిడుగు పడ్డవాళ్లను ముగ్గురిని చూసింది. వాళ్లలో ఇద్దరికి చొక్కా గుండీలు కూడా ఊడలేదు, మనుషులు మాత్రం లేరు. ఆ మాట ఆవిడ ఇన్నేళ్లలో ఎప్పుడూ మొగుడికి చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. ఆయన అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నారు.

మర్నాడు పదింటికల్లా యేసురత్నం మునిసిపల్ ఆఫీసులో ఉన్నారు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటానన్నారు. అసలు అది దరఖాస్తు కాదని కూడా అన్నారు.

"నంబరు పడిందండీ," అన్నారు పరాంకుశం గారు జాలిగా. "నంబరు పడ్డాక దరఖాస్తే. వెనక్కి తీసుకోవాలంటే ముందు మంజూరు కావాలి. ఇవ్వనిదాన్ని మేము వెనక్కి ఎలా తీసుకుంటాం చెప్పండి?"

ఆ వాదన లోపలి గది దాకా వినబడి, కమిషనర్ గారు పిలిపించారు. నిరంజనాదేవి గారు మర్యాదస్తురాలు. కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. ఎర్తింగు పనిచేస్తుందని రుజువేమిటని అడిగారు.

"టెస్టరుతో కొలిచానండీ మేడం. రెసిస్టెన్సు రెండు ఓములు కూడా లేదు. ఇంతకన్నా బాగా రాదు. కావాలంటే మీ ఇంజనీరు గారి ముందు మళ్లీ కొలుస్తాను."

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. ఒక్కటి ఆలోచించండి. మోటారు కొంటే ఏం చేస్తాం? ట్రయల్ రన్. వంతెన కడితే? లోడు లారీలు ఎక్కించి ట్రయల్. నిన్నగాక మొన్న శ్మశానానికి గ్యాస్ కొలిమి వచ్చింది, దానికీ చేశాం. మరి ప్రాణాలకు సంబంధించిన పిడుగు విషయంలో మాత్రం ఏదో మీటరు చూసి సంతకం పెట్టమంటారా?"

"పిడుగుకు ట్రయల్ ఎలా అవుద్దండీ మేడం?"

"అది దరఖాస్తుదారుడు చూసుకోవాలి. పరాంకుశం గారూ, రాసుకోండి."

రెండు రోజుల్లో నోటీసు వచ్చింది. 'పై విషయమై తెలియజేయునది ఏమనగా, సదరు గృహమునందు అమర్చబడిన పిడుగు గ్రాహక వ్యవస్థ యొక్క పనితీరును తనిఖీ కమిటీ సమక్షమున నిరూపించవలసి యున్నది. ఇందులకు అవసరమగు పిడుగును దరఖాస్తుదారుడు తన స్వంత బాధ్యతపై సమకూర్చుకొనవలెను. తేదీ మరియు సమయమును ముందుగా లిఖితపూర్వకముగా తెలియపరచవలెను.'

యేసురత్నం ఆ నోటీసును మూడుసార్లు చదివారు. తర్వాత ఆయన చేసిన పని ఆయన తప్ప ఇంకెవరూ చేయరు. వాతావరణ కేంద్రానికి ఒక ఉత్తరం రాశారు. కరుణమ్మ తల పట్టుకుంది. అక్కడి అధికారి ఎవరో మంచివాడు, ఓపిగ్గా జవాబిచ్చాడు. పిడుగుల హెచ్చరిక మండలాల వారీగా మాత్రమే, అదీ కొద్ది గంటల ముందే ఇవ్వగలమనీ, డోర్ నంబరు వారీగా చెప్పడం సాధ్యం కాదనీ. యేసురత్నం ఆ జవాబు నకలు తీసుకెళ్లి కమిషనర్ గారికి ఇచ్చారు, ఇంతటితో వదిలేస్తారన్న ఆశతో. ఆవిడ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రాశారు: 'మండలం వరకు వచ్చుచున్నందున ఇబ్బంది లేదు. మిగిలిన దూరము దరఖాస్తుదారుడు చూసుకొనవలెను.'

ఏప్రిల్ ఆఖరికి ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం దాకా నిప్పులు, నాలుగింటికి పడమటి దిక్కున మబ్బు. మబ్బు పట్టినప్పుడల్లా యేసురత్నం రేడియో ప్లగ్గులు పీకేసి, యాంటెన్నా వైరు విప్పి కిటికీ బయట వదిలి, కరుణమ్మను తీసుకుని వీధి చివరి చర్చి వరండాలో కూర్చునేవారు. వాన వెలిశాక ఇంటికొచ్చేవారు. చక్రధర్ రోజూ వచ్చి సీలు ఫోటో తీసుకునేవాడు. ఒకరోజు మబ్బు పట్టి పిడుగు పడకుండా వెళ్లిపోయినందుకు, 'పిడుగును సకాలములో హాజరుపరచకపోవుటకు సంజాయిషీ' అడుగుతూ మెమో కూడా ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు కొంచెం సిగ్గుపడ్డాడు.

ఆ వారమే నాలుగు వీధుల అవతల ఒక కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వ కాలిపోయి నిలువునా చీలింది. యేసురత్నం పరుగున ఆఫీసుకు వెళ్లారు.

"మేడం, చూశారుగా. ఆ చెట్టు కన్నా నా పైపు ఎత్తు. ఆ తీగ ఒక్కటి బిగించుకోనివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"చూశాను మాస్టారూ. నాకూ బాధగానే ఉంది," అన్నారు నిరంజనాదేవి గారు నిట్టూర్చి. "చక్కటి పిడుగు, అనవసరంగా కొబ్బరిచెట్టు మీద పోయింది. అదేదో మీ ఇంటి మీద పడుంటే ఈపాటికి ఫైలు క్లోజ్ అయ్యేది." ఆ తర్వాత ఆవిడ కాస్త మెత్తబడి, ఈసారి హెచ్చరిక రాగానే కమిటీ స్వయంగా వస్తుందనీ, తీగ కలిపే కార్యక్రమం మునిసిపల్ చైర్మన్ గారి చేతుల మీదుగా జరుగుతుందనీ మాటిచ్చారు.

మే తొమ్మిదిన హెచ్చరిక వచ్చింది, మధ్యాహ్నం మూడు తర్వాత మండలంలో ఉరుములు మెరుపులతో వాన, పిడుగులు పడే అవకాశం అని. రెండింటికల్లా యేసురత్నం గారి మేడ మీద షామియానా లేచింది. ఇనప పైపులతో. పద్దెనిమిది ఇనప కుర్చీలు వేశారు. 'పిడుగు గ్రాహక వ్యవస్థ ప్రారంభోత్సవం' అన్న బ్యానరు కట్టడానికి ఇంకెక్కడా చోటు లేక దాన్ని యాంటెన్నా పైపుకే కట్టారు. కమిషనర్ గారు, చక్రధర్, పరాంకుశం గారు, ఇంకా కమిటీ వాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు, ఫోటోగ్రాఫరు, అందరూ పైపు చుట్టూ కూర్చున్నారు. చైర్మన్ గారు పెళ్లిలో ఉన్నారు, బయల్దేరుతున్నారు.

"మేడం, అందరూ దిగిపోండి," అన్నారు యేసురత్నం చేతులు జోడించి. "పిడుగు వచ్చే టైములో మేడ మీద ఉండకూడదండీ. ఇనుము దగ్గర అసలే ఉండకూడదు. కనీసం తీగ కలపనివ్వండి."

"చైర్మన్ గారు రాకుండా ఎలా కలుపుతాం?" అన్నాడు చక్రధర్. "రిబ్బను కట్టేశాం."

నిజమే. పెరట్లో క్లాంపుకు ఎర్ర రిబ్బను కట్టి, పక్కనే పళ్లెంలో కత్తెరా, స్పానరూ పెట్టారు. స్పానరుకు పసుపు రాశారు.

మూడున్నరకు పడమర నల్లగా కమ్ముకొచ్చింది. మొదటి మెరుపు మెరిసింది. యేసురత్నం వేళ్ల మీద లెక్కపెట్టారు. ఉరుము వినబడేసరికి ఇరవై అయింది. దూరంగా ఉంది. పైన చప్పట్లు కొట్టారు. రెండో మెరుపుకు పద్నాలుగు. చైర్మన్ గారు అక్షింతలు వేసి బయటపడ్డారని ఫోను వచ్చింది. మూడోదానికి తొమ్మిది. యేసురత్నం మెట్ల మీద నిలబడి చెమటలు కక్కుతున్నారు. జీవితంలో ఒక్క సీలు తీసిన మనిషి కాదు. ల్యాబులో ఫ్యూజు మార్చాలన్నా హెచ్.ఓ.డి. సంతకం కోసం ఎదురుచూసేవారు.

కరుణమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన్ని చూసింది. "ఇంకా ఎవర్ని అడగాలండీ?" అంది. అంతే. ఆయన పెరట్లోకి ఉరికి, రిబ్బను తెంపి, సీలు పగలగొట్టి, పసుపు రాసిన స్పానరుతో పట్టీని రాడ్డుకు బిగించడం మొదలుపెట్టారు. నట్టు మరమీద సరిగ్గానే కూర్చుంది.

కరుణమ్మ మెట్లెక్కి మేడ మీది జనాన్ని చూసింది. ప్రమాదం అని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు, ఒక్కరూ కదల్లేదు. ఆవిడ మళ్లీ చెప్పలేదు.

"మిరపకాయ బజ్జీలు దింపానండీ. కింద వరండాలో పెట్టాను. వేడిగా ఉన్నప్పుడే తింటే బాగుంటాయి."

నిమిషంలో మేడ ఖాళీ అయింది. వాన మొదలైంది. చివరగా పరాంకుశం గారు మోకాళ్లు పట్టుకుని దిగారు. అందరూ వరండాలో గుమిగూడి, రెండో వాయికి చేతులు చాపుతుండగా, యేసురత్నం స్పానరు కింద పడేసి లోపలికి పరుగెత్తుకొచ్చారు. ఆయన గుమ్మం దాటిన ఆరేడు క్షణాలకు ఇల్లంతా తెల్లగా అయిపోయింది. ఆ చప్పుడుకు ప్లేట్లు చేతుల్లోంచి జారాయి. చక్రధర్ బల్ల కింద ఉన్నాడు. కమిషనర్ గారు రెండు చెవులూ మూసుకుని పరాంకుశం గారి వెనక ఉన్నారు. పెరట్లో పిట్ మీద కాస్త ఆవిరి లేచి వానలో కలిసిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇంట్లో ఒక్క బల్బు కూడా పోలేదు. యేసురత్నం గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. ఏడుపొచ్చింది. "పనిచేసింది కరుణా," అన్నారు. ఆవిడ ఆయన తలమీద చెయ్యి వేసి, "చేసింది," అంది.

పది నిమిషాలకు కమిటీ తేరుకుని, వరండాలోనే పంచనామాకు కూర్చుంది. 

"పిడుగు పడినట్లు చూసినవారెవరు?" అని అడిగారు పరాంకుశం గారు కలం తీసి.

ఎవరూ చూడలేదు. అందరూ అప్పుడు బజ్జీలవైపు చూస్తున్నారు. ఫోటోగ్రాఫరు కూడా.

"చప్పుడు విన్నాం గదండీ," అన్నారు యేసురత్నం.

"చప్పుడు ఉరుము. ఉరుము మా విభాగం కాదు," అన్నాడు చక్రధర్, బల్ల కింది దుమ్ము దులుపుకుంటూ. "పిడుగు అనాలంటే నష్టం ఉండాలి మాస్టారూ. రూలు ప్రకారం మనిషో, గొడ్డో, చెట్టో, కనీసం టీవీ అయినా పోవాలి. అప్పుడు రెవెన్యూ వాళ్లు ధ్రువీకరిస్తారు. ఇక్కడ ఏం పోయింది?"

"ఏం పోలేదు సార్. పోకుండా ఉండటానికే గదా ఎర్తింగు."

"మరి ఏమీ పోనప్పుడు పిడుగు పడిందని ఎలా రాస్తాం?"

కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆ ఆలోచన ఒక కొలిక్కి వచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. హెచ్చరిక ఉండి కూడా, కమిటీ సమక్షంలో, కొండ్రపాడులో పిడుగు పడలేదు. పట్టణం పిడుగు రహితమైంది. దానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పరాంకుశం గారు అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. ట్రయల్ విఫలమైనదనీ, పిడుగు లేని పట్టణంలో ఎర్తింగు అనవసరమనీ, తదుపరి ట్రయల్ వరకు తీగను విప్పి తిరిగి సీలు వేయవలెననీ, పైపు యథాతథ స్థితిలో ఉండవలెననీ. యేసురత్నం వింటూ కూర్చున్నారు.

ఉత్తర్వు మీద కమిషనర్ గారు సంతకం పెట్టబోతుండగా మళ్లీ మెరిసింది. అందరూ ఒక్కసారిగా పెరటివైపు చూశారు, తీగ ఉందా అని. నిరంజనాదేవి గారు కలం ఆపి పరాంకుశం గారి చెవిలో ఏదో చెప్పారు. ఆయన తల ఊపి చివర ఇంకో వాక్యం చేర్చారు. సంతకాలయ్యాయి. వాన కొంచెం తెరిపి ఇవ్వగానే కమిటీ జీపుల్లోకి పరుగెత్తింది. చైర్మన్ గారు ఎదురొచ్చి, అట్నుంచి అటే మళ్లిపోయారు.

యేసురత్నం ఉత్తర్వు పట్టుకుని, స్పానరు కోసం వెతకడం మొదలుపెట్టారు. ఉత్తర్వు ఉత్తర్వే మరి. కరుణమ్మ కాగితం ఆయన చేతిలోంచి లాక్కుని కళ్లజోడు పెట్టుకుంది. డాక్టర్ల రాత చదివి చదివి అలవాటైన మనిషి, పైనుంచి కింది దాకా ఒక్క అక్షరం వదల్లేదు.

"చివర్న ఏం రాశారో చూశారా? 'ఈ ఉత్తర్వు కమిటీ సభ్యులందరూ సదరు గృహ ప్రాంగణమును విడిచిన తరువాత మాత్రమే అమలులోకి వచ్చును.' వాళ్లు సుఖంగా ఇల్లు దాటేదాకా తీగ ఉండాలంట. దాటారు గదా, ఇక మనం పోయినా ఫరవాలేదు." ఆవిడ కోపంతో కాగితం చివర సభ్యుల జాబితా మీద వేలు పెట్టి ఒక్కొక్కరినీ తిట్టుకుంటూ పోయింది. ఏడో పేరు దగ్గర వేలు ఆగింది. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూసింది. "ఏవండీ, 'గద్దె యేసురత్నం, దరఖాస్తుదారుడు, పదవి రీత్యా సభ్యుడు' అనుంది."

ఆయన స్పానరు వెతకడం మానేశారు.

ఆ రోజు నుంచి యేసురత్నం గేటు దాటలేదు. కూరలకు కరుణమ్మే వెళ్తుంది. పాస్టరు గారే ఆదివారం ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. పొద్దున్న ఆరున్నరకు రేడియోలో మిత్రులు ఎలా ఉన్నారు మాస్టారూ అంటే, "బాగున్నాను. కమిటీ ఇంకా మా ఇంట్లోనే ఉంది," అంటారు. ఇంట్లో ఖైదైనట్టుందా అని ఒకాయన అడిగితే, రాత్రిళ్లు కరుణమ్మకు నిద్ర పడుతోందని చెప్పారు.

నాలుగో రోజు సాయంత్రం చక్రధర్ లక్కా, సీలూ పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు.

"మాస్టారూ, తీగ విప్పాలి. ఉత్తర్వు అమలు చేశానని రాయాలి."

"అలాగే సార్. సభ్యులందరూ వెళ్లాకే గదా. ఆరుగురు వెళ్లారు. ఒకరు ఉన్నారు."

"ఎవరు?"

"నేనే."

చక్రధర్ ఉత్తర్వు నకలు తీసి చదివాడు. జాబితా లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. రూలు ప్రకారం అందులో తప్పేమీ దొరకలేదు.

"మీరెప్పుడు వెళ్తారు మరి?"

"వానలు వెనకపట్టాక చూద్దాం సార్. ఆ తర్వాత తుఫాన్ల కాలం, అది కూడా కానివ్వండి."

చక్రధర్ రాసుకోవడానికి ప్యాడు తెరిచాడు. పడమటి దిక్కున మెరిసింది. అతను తల ఎత్తి మబ్బును చూశాడు. వీధిలో ఎవరూ లేరు. ఆ వీధిలో ఎత్తుగా ఉన్నవి రెండే, యాంటెన్నా పైపూ, గేటు బయట ఒంటరిగా నిలబడ్డ పిడుగు విభాగం ఇన్‌చార్జీ. అతను నోట్లోనే ఏదో లెక్కపెట్టుకున్నాడు. పదకొండు దగ్గర ఉరిమింది.

"మాస్టారూ," అన్నాడు గేటు గడియ మీద చెయ్యి వేసి, గొంతు బాగా తగ్గించి. "తీగ గట్టిగానే బిగించారు గదా? కాసేపు లోపలికి రానా?"

"రండి సార్, దానికేం," అన్నారు యేసురత్నం గేటు తీస్తూ. "మీరూ సభ్యులేగా."